చెవుల్లేని బస్సు

డిపోలో ఆమెను అందరూ డేగమ్మ అనేవారు. మొహం మీద అనే ధైర్యం పాతవాళ్ళకే ఉండేది, కొత్తవాళ్ళు చాటున అనుకునేవారు. ముప్పై ఏళ్ళకు పైగా సిటీ బస్సు నడిపి ఒక్క మనిషి ఒంటి మీద గీత కూడా పడనివ్వని డ్రైవరు ఆమె, అందుకని ఆ పేరు ఊరికే వచ్చింది కాదు. మెడ నిటారుగా పెట్టుకుని కూర్చునేది. తల కదిపేది కాదు, కళ్ళు మాత్రమే తిప్పేది. ముందు రోడ్డు, తలుపు వైపు అద్దం, మళ్ళీ రోడ్డు, తన వైపు అద్దం. పక్కవాడు ఒక రెప్ప వేసి తీసేలోపు ఆ కళ్ళు అన్ని దిక్కులూ చుట్టబెట్టి వచ్చేసేవి.

బస్సుకి బయట రెండు పక్కలా పొడుచుకొచ్చి ఉండే అద్దాల్ని డ్రైవర్లు చెవులంటారు. "చెవి చూశావా?" అన్నది డేగమ్మ తన దగ్గర నేర్చుకునేవాళ్ళని అడిగే మొదటి ప్రశ్న. ఆఖరి ప్రశ్నా అదే. వాళ్ళ నెత్తి మీద ఒక అగ్గిపెట్టె పెట్టేది. చెవి చూడటానికి తల తిప్పారో, అగ్గిపెట్టె కింద పడేది, ఆ పూటకి పాఠం సమాప్తం. "తల తిప్పితే రోడ్డు పోతుంది, కన్ను తిప్పితే రోడ్డు పక్కనే ఉంటుంది" అని దబాయించేది. ఇందులో శాస్త్రమెంతో ఆమెకూ తెలీదు. కానీ ఆమె అగ్గిపెట్టె కింద తయారైనవాళ్ళు ఎవరినీ గుద్దలేదు, అది మాత్రం డిపో అంతా ఒప్పుకునేది.

అలా తయారైన వాళ్ళలో ఆమె మరదలొకతె. తమ్ముడి భార్య. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఆ పిల్లకి సైకిలు కూడా రాదు. వదిన ఖాకీ చొక్కా వేసుకుని తెల్లవారకుండా బయల్దేరడం చూసి, "నాకూ నేర్పు వదినా" అని కొంగు పట్టుకున్నట్టు వెంటపడింది. అగ్గిపెట్టె ఎన్నిసార్లు పడిందో లెక్క లేదు. చివరికి ఆ మరదలే డిపోలో డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే మనిషి అయింది. ఎవరికి ఏ బస్సు ఇవ్వవచ్చో, ఎవరికి ఇవ్వకూడదో చెప్పే సంతకం ఆమెది. ఇంట్లో "వదినా, నువ్వు" అని, డిపో గేటు దాటగానే "మీరు" అనేది. మొదట్లో ఇద్దరికీ నవ్వొచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

తమ్ముడు దర్జీ. మేడ మీద వాటాలో అతనూ భార్యా, కింది వాటాలో అక్క. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "నాకు బండి చాలు" అని తప్పించుకుంటూ తప్పించుకుంటూ యాభై ఏడేళ్ళకి వచ్చేసింది డేగమ్మ. తమ్ముడంటే ఆమెకు ప్రాణం. పైకి మాత్రం వాడు కుట్టిన చొక్కాలకి వంకలు పెడుతూ ఉండేది.

అక్కాతమ్ముళ్ళకి రోడ్డు మీద ఒక ఆట ఉండేది. అతని కొట్టుకి వెళ్ళే దారిలో పెద్ద సిగ్నలు దగ్గర ఒక ఇరుకు మలుపు ఉంది. డేగమ్మ బస్సు అక్కడ తలుపు వైపుకి తిరగాలి. అతను సైకిలు తొక్కుకుంటూ వచ్చి సరిగ్గా బస్సు పక్కన, తలుపు వైపు, ముందు చక్రానికి కాస్త వెనగ్గా ఆగేవాడు. ఏ డ్రైవరైనా హడలిపోయే చోటది. కాలు గట్టుకి ఆనించి, చెవి వైపు చూస్తూ, అద్దంలో అక్క కళ్ళు కనబడగానే రెండు వేళ్ళు ఎత్తేవాడు. డేగమ్మ హారన్ చిన్నగా ఒక్కసారి నొక్కేది. 'చూశాను, నువ్వు పో' అని దానర్థం. అతను మలుపు తిరిగి వెళ్ళిపోయాకే బస్సు కదిలేది.

"అక్కడ ఆగొద్దండీ, చస్తారు" అని భార్య ఎన్నిసార్లు పోరినా వినలేదు. "మా అక్క బండి పక్కనుంటే అమ్మ ఒళ్ళో ఉన్నట్టే" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా డేగమ్మకి లోపల ఎంత గర్వమో. పైకి మాత్రం "నోరు మూసుకుని సైకిలు తొక్కు" అనేది.

ఆ ఏడు కొత్త బస్సులు వచ్చాయి. కరెంటుతో నడిచేవి, చప్పుడు లేనివి. అన్నీ బాగానే ఉన్నాయి గానీ వాటికి చెవులు లేవు. అద్దాలకు బదులు బయట బొటనవేలంత కెమెరాలు, లోపల ముందు గాజుకి అటొకటి ఇటొకటి నిలువు తెరలు. జన్మలో బస్సు నడిపిన పాపాన పోని ఒక పెద్ద అధికారి వచ్చి డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం దంచాడు. "అద్దం ఉన్న చోటుకీ తెర ఉన్న చోటుకీ తేడా జానెడు. రెండు రోజుల్లో అలవాటైపోతుంది" అన్నాడు. కుర్ర డ్రైవర్లకి నిజంగానే రెండు రోజుల్లో అలవాటైపోయింది.

డేగమ్మకి ఆ జానెడే కొండంత అయింది. తెర లోపలికి జరిగింది కదా, కన్ను ఇదివరకు ఎగిరినంత దూరం ఎగరకుండా జానెడు ముందే ఆగాలి. ఆమె కళ్ళు ఆగేవి కావు. పాత లెక్క ప్రకారం తెరను దాటేసి, తలుపు గాజులోంచి బయటికి పోయి, చెవి ఉండాల్సిన చోట వాలేవి. అక్కడ ఏముంటుంది, గాలి. తప్పు తెలిసి వెనక్కొచ్చి తెరను పట్టుకునేవి. మనసు పెట్టి, 'తెర, తెర' అని లోపల అనుకుంటూ నడిపితే మాత్రం సరిగ్గానే చూసేది.

పరీక్ష డిపో వెనకాల ఖాళీ మైదానంలో పెట్టారు. డబ్బాల మధ్య నిదానంగా నడపడం, మలుపులు, వెనక్కి తీయడం. డేగమ్మ 'తెర, తెర' అనుకుంటూ ఒక్క డబ్బాకీ తగలకుండా నడిపింది. "మీకు నేను పాస్ మార్కులు వేయడమేంటి డ్రైవర్ గారూ" అంటూ మరదలు నవ్వుతూ సంతకం పెట్టేసింది. డేగమ్మ కూడా నవ్వింది. దిగాక చూసుకుంటే వీపంతా చెమట.

మొదట ఆమెను తిన్నగా సాగే పెద్ద రోడ్డు మీద వేశారు. ఒక మధ్యాహ్నం స్టాపులోకి బండిని తిప్పబోతూ తలుపు వైపు చూసింది. ఏమీ లేదు. స్టీరింగ్ తిప్పింది. వెనక నుంచి కీచుమని బ్రేకు, ఆ వెంటనే ఎవరిదో బూతు. తలుపు పక్కనుంచే ఒక స్కూటరు దూసుకుపోయింది. ఆ స్కూటరు తెరలో నిలువెత్తున కనబడుతూనే ఉంది. డేగమ్మే తెర చూడలేదు.

బస్సు నిండా జనం ఉన్నారు, ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆమెకు మాత్రం తెలిసింది. చూడకపోవడం కాదు ఆమెను భయపెట్టింది, చూశాననుకోవడం. అద్దంలో ఏమీ కనబడకపోతే దారి ఖాళీ అని అర్థం. ముప్పై ఏళ్ళుగా ఆమె బుర్ర నమ్మిన సంగతది. ఇప్పుడు అద్దమే లేని చోటికి కన్ను వెళుతోంది, అక్కడ ఏమీ కనబడటం లేదు, బుర్ర ఠక్కున 'ఖాళీ, పోనీ' అనేస్తోంది. గుడ్డివాడికైనా తనకు కనబడదని తెలుసు. ఈమెకు ఆ సంగతి కూడా తెలియడం లేదు.

డిపోకి తెలియకుండా కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అరవై దాటిన మనిషి ఆయన. గోడ మీద అక్షరాలు చదివించాడు, అట్టడుగు వరస కూడా గడగడా చదివేసింది. "ఇంకేం కావాలమ్మా మీకు?" అన్నాడు. ఆమె అద్దం, తెర అనకుండా, ఇంట్లో ఒక వస్తువు చోటు మార్చితే కళ్ళు పాత చోటికే పోతున్నాయని చెప్పింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆమె మొహానికి అటూ ఇటూ తన చేతులు పెట్టాడు.

"ఏ వేలు కదిలితే దానికి ఎదురు వైపు చూడండి. కదిలిన వైపు చూడకూడదు."

ఇదేం చిన్నపిల్లల ఆట అనుకుంది. కుడి వేలు కదిలింది. ఆమె కుడివైపే చూసింది. నాలిక కరుచుకుంది. ఎడమ వేలు కదిలింది, ఎడమకే చూసింది. వద్దు వద్దు అనుకుంటున్నా కళ్ళు తాడు కట్టి లాగినట్టు కదిలిన వైపే పోతున్నాయి. కాసేపటికి ఆమె పిడికిళ్ళు బిగుసుకుపోయాయి.

"కంగారు పడకండి, నాదీ ఇదే కథ. మా అమ్మాయి ఈ ఆటలో నన్ను చిత్తుగా ఓడిస్తుంది" అన్నాడాయన. "మీ చూపు బాగుంది. చూపుని పట్టుకునే పగ్గం వయసుతో సడలుతుంది. ఠక్కున ఏదైనా కదిలితే అటు పోకుండా ఆపడం కష్టమవుతుంది. కొత్త చోటు నేర్చుకోవడమూ ఆలస్యమవుతుంది. కళ్ళు నేర్చుకోవని కాదు, నేర్చుకుంటాయి. తీరిగ్గా ఉన్నప్పుడు కొత్త దారిలో పోతాయి. కంగారులో మాత్రం పాత దారే పడతాయి. తీరిగ్గా చేసుకునే పనైతే ఏం పర్వాలేదు. ఏం చేస్తుంటారు మీరు?"

డేగమ్మ ఆయన మొహంలోకి చూసి, "బట్టలు కుడతాను" అంది.

ఆ అబద్ధం ఆడిన రోజు నుంచీ ఆమెకు నిద్ర సరిగ్గా పట్టలేదు. నిజం చెబితే స్టీరింగ్ పోతుంది. స్టీరింగ్ లేని తనని ఆమె ఊహించుకోలేకపోయింది. సాధన చేస్తే అదే వస్తుందని మొండిగా అనుకుంది. కింది వాటాలో గోడకి రెండు కాగితం ముక్కలు అంటించి, చెవి ఉండే చోటొకటి, తెర ఉండే చోటొకటి, వాటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. మెట్లు దిగుతున్న మరదలు ఒకసారి తలుపులోంచి తొంగిచూసింది.

"ఏంటి వదినా, గోడకి కన్ను కొడుతున్నావు?"

"దోమ" అంది డేగమ్మ.

"గోడ మంచి సంబంధమే. కదలదు, మెదలదు, ఎదురు చెప్పదు" అనుకుంటూ వెళ్ళిపోయింది మరదలు. నవ్వాల్సిన చోట డేగమ్మకి ఏడుపొచ్చినంత పనైంది.

కొద్ది రోజులకి డ్యూటీలు మార్చారు. డేగమ్మకి మళ్ళీ పాత రూటే వచ్చింది, ఇరుకు మలుపు రూటు. ఆ సాయంత్రం తమ్ముడు మేడ మెట్ల మీద నుంచే కేకేశాడు.

"అక్కా, రేపట్నుంచి మళ్ళీ మన మలుపేనట కదా."

"ఇప్పుడు చెవులు లేవురా బండికి" అంది డేగమ్మ.

"కెమెరా ఉందిగా. ఇంకా అందంగా కనబడతాను. అద్దంలో నా బట్టతలే కనబడేది."

అక్కడ ఆగకురా అని చెప్పాలనుకుంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే ఎందుకని అడుగుతాడు. మేడ మీద వాడి పెళ్ళాం చెవులు రిక్కించుకుని వింటుంది, సంతకం పెట్టింది ఆ పిల్ల. తనని డేగమ్మ అన్న నోళ్ళన్నీ రేపు ఏమంటాయో. ఇన్ని లెక్కలు వేసుకుని, "సరే, జాగ్రత్త" అని మాత్రం అంది. ఆ ఒక్క పూట పరువు చూసుకోకుండా ఉంటే ఎంత బావుండేదో అని తర్వాత ఎన్నిసార్లు కుళ్ళి కుళ్ళి ఏడ్చిందో ఆమెకే తెలుసు.

మొదటి రోజు మలుపు దగ్గర ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆగింది. 'తెర, తెర.' తెరలో తమ్ముడు కనబడ్డాడు, రెండు వేళ్ళు ఎత్తాడు. హారన్ నొక్కింది, వాడు వెళ్ళిపోయాడు. హమ్మయ్య అనుకుంది. మర్నాడూ అంతే. రోజూ ఆ మలుపు దాటాకే సీటుకి వెనక్కి ఆనుకునేది. అయినా ఆ వారం గడిచేసరికి, కుదురుకుంటున్నాను అని ఆశ పుట్టింది. ఆశ కాస్త పెరగగానే 'తెర, తెర' అనుకోవడం కాస్త తగ్గింది.

ఆ రోజు సన్నగా జల్లు పడుతోంది. బస్సులో తడిబట్టల వాసన. సిగ్నలు ఎర్రగా ఉంది. తలుపు వైపు ఇంకా ఎవరూ రాలేదు, వాడు వానకి ఆలస్యమయ్యాడేమో అనుకుంది. పచ్చ దీపం వెలిగింది. బండి మెల్లగా కదిలించింది, మలుపు మొదలుపెట్టబోతోంది.

ఇంతలో బస్సు ముందు గట్టు మీద నుంచి ఒకాయన రోడ్డు మీదికి దిగి, టపీమని గొడుగు విప్పాడు. నల్లటి పెద్ద గొడుగు. డేగమ్మ కళ్ళు దాని మీదికి పోయాయి. బ్రేకు తొక్కి హారన్ చిన్నగా నొక్కింది. ఆయన ఉలిక్కిపడి మళ్ళీ గట్టెక్కాడు. ఇక తిరగాలి. కళ్ళు గొడుగు మీద నుంచి లేచి తలుపు వైపు ఎగిరాయి. ఆ కంగారులో వాటికి తెలిసిన దారి ఒక్కటే. తెరను దాటేసి, గాజును దాటేసి, చెవి ఉండే చోట వాలాయి. ఏమీ లేదు. ఖాళీ. స్టీరింగ్ తిప్పింది.

బస్సు కింద ఏదో విరిగిన చప్పుడయింది. ఎండుకర్ర విరిగినట్టుంది. ఎవరో ఆడమనిషి బస్సులో కెవ్వుమంది. డేగమ్మ బ్రేకు మీద నిలబడిపోయింది. ఇప్పుడు చూసింది తెర వైపు. తెరలో తడి రోడ్డు మీద ఒక సైకిలు చక్రం వంకరగా ఉంది, దాని పక్కన తను ఎప్పుడూ వంకలు పెట్టే గళ్ళ చొక్కా.

ఎలా దిగిందో తెలియదు. తమ్ముడు గట్టుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సైకిలు వెనక చక్రం బస్సు టైరు కింద ఉంది. ఇంకో అర అడుగు తిరిగి ఉంటే ఆ టైరు కింద ఉండేది సైకిలు కాదు. కుడి మణికట్టు చూడరాకుండా వంగిపోయి ఉంది, దాన్ని ఎడం చేత్తో ఒళ్ళో పెట్టుకున్నాడు. మొహం సున్నంలా పాలిపోయింది. కోపం లేదు ఆ మొహంలో. అర్థం కానట్టు చూస్తున్నాడు.

"హారన్ కొట్టావుగా అక్కా" అన్నాడు.

గొడుగాయనకి కొట్టిన హారన్ అది. వాడు అప్పుడే వచ్చి ఆగాడు, రెండు వేళ్ళు ఎత్తాడు, హారన్ విన్నాడు. చూశాను పో అంది అక్క అనుకుని కదిలాడు. అక్క చూసింది ఖాళీ చోటుని.

జనం మూగారు. గొడుగాయన, బస్సులోవాళ్ళు, చివరికి ట్రాఫిక్ పోలీసు. ఎవరూ ఏమీ అడగకముందే తమ్ముడు గొంతు పెంచాడు. "తప్పు నాది సార్. వానకి జారింది. నేనే బండి కిందికి వెళ్ళాను, ఆవిడ బ్రేకు వేయబట్టి బతికాను." ఆ మాట చెబుతూ అక్క కళ్ళలోకి చూసి, తెలిసీ తెలియనట్టు తల అడ్డంగా ఊపాడు. మాట్లాడకు అని. పోలీసు రాసుకున్నాడు. గొడుగాయన డేగమ్మకి దండం కూడా పెట్టాడు. కుడి చేత్తో కత్తెర పట్టుకుని బతికే మనిషి, ఆ చెయ్యి విరిగి వేలాడుతుండగా, అక్కని కాపాడుతున్నాడు. ఆమెకు అక్కడే భూమి విచ్చుకుని మింగేస్తే బావుండుననిపించింది.

సాయంత్రం కట్టుతో ఇంటికి వచ్చాడు. మరదలు భర్తని పడుకోబెట్టి కిందికి దిగివచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మాట మెత్తగానే ఉంది.

"ఎన్నిసార్లు చెప్పినా వినరు వదినా. నువ్వు మనసులో పెట్టుకోకు. డిపోలో కూడా ఆయన తప్పే అని రాసుకున్నారు. రేపు డ్యూటీకి వెళ్ళు."

"వాడి తప్పు కాదే. వాడు అబద్ధం చెప్పాడు" అంది డేగమ్మ.

తర్వాత అంతా చెప్పింది. స్కూటరు సంగతి, డాక్టరు వేళ్ళు, బట్టలు కుడతానన్న మాట, గోడ మీద కాగితాలు. మరదలు నిలబడే వింది. అయ్యాక గోడ దగ్గరికి వెళ్ళి ఆ రెండు కాగితాల్నీ చేత్తో తడిమి చూసింది.

"దోమ అన్నావు" అంది.

"అవును."

"నీ పరీక్ష కాగితం మీద నా సంతకం ఉంది. మా ఆయన రోజూ నీ చక్రం పక్కన నిలబడతారని నీకు తెలుసు." గోడ మీద నుంచి చెయ్యి తీసి ఇటు తిరిగింది. "ఆయన ప్రాణం కంటే నీకు నీ పేరు ఎక్కువైందా వదినా?"

మరదలు వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి తిరక్కుండానే అంది, "రేపు మైదానానికి రండి. మళ్ళీ పరీక్ష పెడతాను." మొట్టమొదటిసారి ఇంట్లో 'మీరు' అంది. చెంప పగలగొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

మర్నాడు మైదానంలో డబ్బాలు లేవు. తమ్ముడి వంకర సైకిల్ని ఒక కొయ్యకి కట్టి నిలబెట్టారు, దానికి ఆ గళ్ళ చొక్కా తొడిగారు. డిపో మెకానిక్కు దాన్ని బస్సు పక్కన ఒకసారి పెడతాడు, ఒకసారి తీసేస్తాడు. మరదలు చేతిలో గొడుగు. ఎప్పుడు విప్పుతుందో చెప్పదు. గొడుగు విప్పాక డేగమ్మ తలుపు వైపు చూసి, చొక్కా ఉంటే ఆగాలి, లేకపోతే తిరగాలి.

గొడుగు విచ్చుకుంది. చొక్కా నలిగింది. మళ్ళీ. చొక్కా నలిగింది. నిన్నటి కంగారు ఒంట్లో ఇంకా ఉంది, కళ్ళు పాత దారి తప్ప ఇంకో దారి ఎరగనట్టు ప్రవర్తించాయి. తల తిప్పి చూడమంది మరదలు. ఒకప్పుడు అగ్గిపెట్టె పడిందని ఆ పిల్లని తిట్టిన నోరు, ఇప్పుడు కిక్కురుమనకుండా ఆ మాట విని తల తిప్పింది. తల కదిలింది గానీ, కళ్ళు దానికంటే ముందే పరుగెత్తి ఖాళీ చోట కూర్చున్నాయి.

మధ్యాహ్నానికి తమ్ముడు వచ్చాడు, కట్టు మెడకి వేలాడుతోంది. రావద్దన్నా వచ్చాడు. జేబులోంచి ఎర్రటి గుడ్డపీలిక తీశాడు, కొట్టులో మిగిలిన ముక్క. "అక్కడ ఏమీ లేకపోవడమే కదా అక్కా నీ గొడవ. ఏదో ఒకటి ఉండేట్టు చేద్దాం" అంటూ బస్సెక్కి, ఎడం చేత్తో, చెవి కనబడాల్సిన చోట తలుపు గాజుకి ఆ గుడ్డని అంటించాడు.

ఈసారి గొడుగు విచ్చుకున్నప్పుడు కన్ను ఎప్పటిలాగే అక్కడికే ఎగిరింది. ఖాళీ బదులు ఎర్రగుడ్డ తగిలింది. ఇక్కడ కాదు అన్నట్టు. కన్ను ఠక్కున తెర మీదికి తిరిగి వచ్చింది. చొక్కా కనబడింది. బండి ఆగింది. మెకానిక్కు చప్పట్లు కొట్టాడు. మళ్ళీ చేశారు, ఆగింది. చొక్కా తీసేస్తే చక్కగా తిరిగింది. మళ్ళీ మళ్ళీ చేశారు. మరదలి భుజాలు కాస్త దిగాయి. డేగమ్మ ఒంట్లోకి ప్రాణం లేచొచ్చింది. చూశారా, ఇంకా అయిపోలేదు నా పని, అనుకుంది.

"ఒక్కసారి గట్టిగా" అంది మరదలు. గొడుగుతో పాటు మెకానిక్కుని వెనక నుంచి అరవమని సైగ చేసింది.

గొడుగు విచ్చుకుంది. వెనక నుంచి కేక వినబడింది. కన్ను ఎగిరింది, ఎర్రగుడ్డ తగిలింది, తెర మీదికి తిరిగింది. చొక్కా కనబడింది. కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. అన్నీ సరిగ్గానే జరిగాయి, కాస్త ఆలస్యంగా జరిగాయి. అంతే. బస్సు ఆగేసరికి గళ్ళ చొక్కా చేయి టైరు కింద ఉంది.

మరదలు గొడుగు ముడుచుకుంటూ వచ్చి బస్సు మెట్టెక్కింది.

"ఒక్కసారేగా వదినా. మిగతావన్నీ బాగా వచ్చాయి. ఇంకో వారం చేద్దాం, అలవాటవుతుంది." గబగబా అంటోంది, 'మీరు' మర్చిపోయింది. మనసు కరిగిందని డేగమ్మకి అర్థమైంది. ఇప్పుడు తను ఊఁ అంటే చాలు, సంతకం పడుతుంది. ఎంత ఆశగా ఉందంటే, స్టీరింగ్ పట్టుకున్న వేళ్ళు విడవడం లేదు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు" అంది. "ఆ చొక్కాలో మా తమ్ముణ్ణి నిలబెట్టి, ఇంకోసారి తిప్పమంటావా?"

మరదలు నోరు తెరిచింది. కిటికీలోంచి కిందికి చూసింది. కింద ఆమె భర్త కట్టు ఉన్న చేత్తో నిలబడి, టైరు కింది నుంచి చొక్కాని ఎడం చేత్తో లాగుతున్నాడు. మరదలు తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది.

డేగమ్మ స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసేసింది. మెడలోని డ్రైవరు కార్డు తీసి మరదలి చేతిలో పెట్టింది. ఏడుస్తాననుకుంది గానీ ఏడవలేదు. మరదలే ఏడ్చింది, డ్రైవరు సీటు పక్కన నేల మీద కూర్చుని, వదిన మోకాలి మీద తలపెట్టుకుని.

డేగమ్మకి డిపో గేటు దగ్గర పని ఇచ్చారు. పొద్దున్నే బయటికి వెళ్ళే బస్సుల టైర్లు, తలుపులు, దీపాలు చుట్టూ తిరిగి చూసుకోవాలి. తీరిగ్గా చేసుకునే పని. ఇరుకు మలుపు రూటుకి మనుషులు చాలక కొన్నాళ్ళు మరదలే బండి తీసింది. ఒకరోజు పని అయ్యాక డేగమ్మ ఆ బస్సే ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. పక్కన తమ్ముడు, కట్టు ఇంకా విప్పలేదు. మైదానంలో పరీక్ష పెట్టిన బస్సే అది, తలుపు గాజు మీద ఎర్రగుడ్డ అలాగే ఉంది, ఎవరూ పీకలేదు.

మలుపు దగ్గర సిగ్నలు పచ్చబడింది. బండి కదులుతుండగా ఎదురుగా ఒక కుక్క అడ్డం పరుగెత్తింది. డేగమ్మ కళ్ళు కుక్క మీదికి పోయాయి, అక్కడి నుంచి లేచి ఖాళీ చోటికి ఎగిరాయి, ఎర్రగుడ్డ తగిలి తెర మీదికి తిరిగాయి. తెరలో సైకిలు మీద ఎవరో స్కూలు పిల్ల, బరువైన సంచీతో, సరిగ్గా చక్రం పక్కన. డేగమ్మ కుడికాలు తనకు తెలియకుండానే లేని బ్రేకుని నేలకేసి తొక్కింది.

బస్సు అప్పటికే ఆగి ఉంది. ఆ పిల్ల తలెత్తి కూడా చూడకుండా మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

తమ్ముడు ఆమె కాలు వైపు చూశాడు. "చూశావా అక్కా?" అన్నాడు మెల్లగా.

"చూశానురా" అంది డేగమ్మ. "మీ ఆవిడ చూసిన తర్వాత."